లివర్ ఇస్తానంటే ‘ఫ్యాటీ’ అన్నారా? ఉద్యోగం చేస్తూనే తగ్గించుకోవచ్చు

నాన్నకో, అన్నకో, భార్యకో లివర్ మార్చాలన్నారు. బ్లడ్ గ్రూప్ కలిసింది, వయసు సరిపోయింది, మీరు ఇస్తానని ముందుకొచ్చారు. తీరా స్కానింగ్ రిపోర్టు చూసి డాక్టరుగారు ‘మీ లివర్‌లో కొవ్వుంది, ఇలాగైతే తీసుకోలేం’ అన్నారు. ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయాయి. మీరేదో తప్పు చేసినట్టు తల దించుకుని మర్నాడు ఆఫీసుకు వెళ్లిపోయారు. ఈ వ్యాసం మీకోసం.

ముందు ఒక సంగతి. కొవ్వు ఉందన్నంత మాత్రాన మీరు దాతగా పనికిరారని తేలిపోయినట్టు కాదు. చాలామంది విషయంలో అది నాలుగు నుంచి ఎనిమిది వారాల వాయిదా మాత్రమే. ఆ వారాలు ఉద్యోగం చేసుకుంటూ ఎలా గడపాలో ఆసుపత్రిలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. డైట్ చార్టు చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ కాగితంలో మీ షిఫ్టు ఉండదు, మీ మేనేజర్ ఉండడు, క్యాంటీన్ ఉండదు.

ఫ్యాటీ అన్నారని సిగ్గుపడాల్సిన పని కూడా లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి కలిసి మన ఐటీ ఉద్యోగుల మీద చేసిన పరిశీలన 2025లో అచ్చయింది. పరీక్షించిన 345 మందిలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. గంటల కొద్దీ కుర్చీలో కూర్చోవడం, వేళాపాళా లేని తిండి, రాత్రి షిఫ్టులు, చాలని నిద్ర, ఇవన్నీ కలిసి చేసిన పని ఇది. మందు ముట్టనివాళ్లకూ వస్తుంది, సన్నగా కనిపించేవాళ్లకూ వస్తుంది.

డాక్టర్లు ఎందుకంత పట్టుదలగా ఉంటారో తెలిస్తే వాళ్ల మీద కోపం రాదు. పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు ఎక్కువగా కుడి భాగం తీస్తారు. లివర్‌లో సుమారు 60 శాతం అదే. మీకు మిగిలేది కనీసం 30 నుంచి 35 శాతమైనా ఉండాలి. మిగిలిన ఆ కాస్త ముక్కే మిమ్మల్ని నడిపించాలి, మళ్లీ పెరగాలి. అందులోనూ కొవ్వు నిండి ఉంటే నిజంగా పనిచేసే కణజాలం ఇంకా తగ్గిపోతుంది. అటు తీసుకున్నవాళ్ల సంగతీ అంతే. బయటకు తీసిన ముక్క కొంతసేపు రక్తం లేకుండా చల్లటి ద్రావణంలో ఉంటుంది. మళ్లీ రక్తం పారించినప్పుడు కొవ్వు పట్టిన కణాలు ఆ దెబ్బకు తట్టుకోలేవు. అందుకే కొవ్వు 10 శాతం లోపు ఉంటే పెద్దగా పట్టించుకోరు. 30 శాతం దాటితే చాలా సెంటర్లు కుడి భాగం తీయడానికి ఒప్పుకోవు. ఈ రెంటి మధ్య ఉన్నవాళ్లకు సెంటరును బట్టి, మిగిలే ముక్క సైజును బట్టి నిర్ణయం మారుతుంది.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే ‘కొవ్వుందట’ అని ఇంటికి రావద్దు. అక్కడే మూడు ప్రశ్నలు అడగండి. ఎంత శాతం ఉంది? ఎంతకు దిగితే తీసుకుంటారు? పేషెంటు ఎన్నాళ్లు ఆగగలరు? సీటీ స్కాన్‌లో లివర్ సాంద్రత నుంచి ప్లీహం సాంద్రత తీసేసి ఒక అంకె చెబుతారు. అది 5 కన్నా పైన ఉంటే కొవ్వు తక్కువని అర్థం, మైనస్‌లోకి దిగేకొద్దీ ఎక్కువని అర్థం. ఆ అంకెను మీ డైరీలో రాసుకోండి. నెల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. కొన్నిచోట్ల ఎంఆర్ఐతో శాతం లెక్కగడతారు, అనుమానం తీరకపోతే బయాప్సీ చేస్తారు. బయాప్సీలో కొవ్వుతో పాటు వాపో, మచ్చ కట్టడమో కనిపిస్తే దారి వేరు. అప్పుడు మీకే వైద్యం కావాలి. డైటింగ్ చేసి ఎలాగైనా ఇచ్చేస్తానని పట్టుపట్టకండి.

ఇక తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. బరువు తగ్గడం మొదలుపెట్టినప్పుడు లివర్‌లోని కొవ్వు నడుం చుట్టూ ఉన్నదానికన్నా ముందే కరగడం మొదలవుతుంది. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా లివర్‌లో తేడా కనిపిస్తుంది. గురుగ్రామ్‌లోని మేదాంత ఆసుపత్రి వైద్యులు 2015లో ఇలాంటి 16 మంది దాతల అనుభవాన్ని ప్రచురించారు. రోజుకు 1200 కేలరీలకు మించని తిండి, కనీసం గంట వ్యాయామం. సగటున నాలుగు వారాల్లో సుమారు 7 కిలోలు తగ్గారు, లివర్‌లో కొవ్వు కూడా బాగా దిగింది. వాళ్లేమీ పహిల్వాన్లు కారు. సొంత మనిషి ప్రాణం మీదకు వచ్చింది కాబట్టి మాట తప్పలేదు, అంతే.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది సెలవుల గురించి. కొవ్వు తగ్గించుకునే నెలలో సెలవు పెట్టకండి. ఆ నెలకు మీకు కావలసింది సెలవు కాదు, వేళలు. సెలవులన్నీ ఆపరేషన్ తర్వాతకు దాచుకోండి. దాతకు ఆసుపత్రిలో సుమారు వారం పడుతుంది. కూర్చుని చేసే ఉద్యోగానికి తిరిగి వెళ్లడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. బరువులెత్తే పనికైతే మూడు నెలలు. ఈ లెక్క తెలియక, స్కానింగులకు, పేషెంటు వెంట తిరగడానికి, ‘ఇంట్లో ఉండి డైటింగ్ చేస్తా’ అని ఉన్న సెలవులన్నీ ముందే ఖర్చుపెట్టుకుంటారు. తీరా కడుపు మీద కుట్లతో ఇంట్లో పడుకున్నప్పుడు జీతం కోత మొదలవుతుంది.

మేనేజర్‌తో మాట్లాడటం వాయిదా వేయకండి. ఆపరేషన్ ఖాయమయ్యాక చెబుదాంలే అనుకుంటే ఈ నెలంతా మీరు సాయంత్రం వెళ్లిపోతుంటే పని ఎగ్గొడుతున్నారనుకుంటారు. కాస్త తీరిగ్గా ఉన్న వేళ చూసి ఇలా చెప్పండి: “సార్, మా నాన్నగారికి లివర్ మార్చాలి. దాత నేనే. ఆపరేషన్‌కు ముందు నా లివర్‌లో కొవ్వు తగ్గాలని ఆరు వారాల టైమిచ్చారు. ఈ ఆరు వారాలూ పని ఆగదు. నన్ను పగటి షిఫ్టులో ఉంచండి, సాయంత్రం ఆరింటికి వదిలేయండి. ఆ తర్వాత రెండు నెలలు సెలవు కావాల్సి రావచ్చు. తేదీ ఖాయం కాగానే చెబుతాను. ఈలోగా నా పని ఎవరికి అప్పగించాలో మీరు చెబితే ఇప్పటినుంచే నేర్పిస్తాను.” మాట్లాడాక అదే విషయాన్ని నాలుగు ముక్కల్లో హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి, ఆసుపత్రి కోఆర్డినేటర్ ఇచ్చిన లెటర్ జత చేయండి. రిపోర్టుల్లోని అంకెలు ఆఫీసులో ఎవరికీ చూపించనక్కర్లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఈ విషయంలో మంచి సదుపాయం ఉంది. 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అవయవం దానం చేసినవారికి 42 రోజుల దాకా ప్రత్యేక క్యాజువల్ లీవ్ ఇస్తారు. మామూలుగా ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి ఒకేసారి వాడుకోవాలి. డాక్టరు అవసరమని రాస్తే ఆపరేషన్‌కు వారం ముందు నుంచీ మొదలుపెట్టుకోవచ్చు. రాష్ట్ర ఉద్యోగులు, బ్యాంకులవాళ్లు, ప్రైవేటువాళ్లు తమ తమ రూల్స్‌లో ఏముందో ఇప్పుడే కనుక్కోవాలి. పెద్ద కంపెనీల్లో అవయవ దాతల సెలవు పాలసీలో ఉండి కూడా ఎవరూ అడగక అలాగే పడి ఉండొచ్చు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు డాక్టరు సర్టిఫికెట్‌తో జబ్బు సెలవు కాలానికి జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వచ్చే నియమం ఉంది. దాతగా మీకు అది ఎలా వర్తిస్తుందో ఆపరేషన్‌కు ముందే డిస్పెన్సరీకి, బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అడిగి రాయించుకోండి.

ఇన్సూరెన్స్‌లో ఒక మెలిక ఉంది. దాత ఆపరేషన్ ఖర్చు సాధారణంగా అవయవం తీసుకునేవారి పాలసీ నుంచి వస్తుంది, మీ పాలసీ నుంచి కాదు. నాన్నగారు మీ కంపెనీ గ్రూప్ పాలసీలో ఉంటే అందులో దాత ఖర్చు అన్న క్లాజు ఉందో లేదో, దానికి పరిమితి ఎంతో చదవండి. ఆపరేషన్‌కు ముందు చేసే టెస్టులు, తర్వాత మీకొచ్చే ఇబ్బందులు చాలా పాలసీల్లో కలపరు. చేతిలో డబ్బు తక్కువైతే పీఎఫ్‌లో వైద్యానికి అడ్వాన్సు తీసుకునే వీలుంది. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లు హైదరాబాద్‌లో ఉస్మానియా ఆసుపత్రిలో విచారించాలి. ఆరోగ్యశ్రీ కింద అక్కడ లివర్ మార్పిడి చేస్తున్నారు.

ఇప్పుడు తిండి దగ్గరకు వద్దాం. అసలు పని ఇక్కడే ఉంది, అందరూ తప్పు లెక్కలు వేసేదీ ఇక్కడే.

1200 కేలరీలంటే ఎంతో తెలియాలంటే ముందు ఇంట్లో నూనె డబ్బా చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతున్నాయంటే మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు పడుతున్నట్టు. అదొక్కటే దాదాపు 270 కేలరీలు. అందుకని దాతకు వేరే చిన్న సీసా పెట్టండి. ఆదివారం అందులో వంద గ్రాముల నూనె పోయండి. వచ్చే ఆదివారం దాకా అంతే. రోజుకు మూడు టీస్పూన్లు వస్తుంది. అమ్మ ‘కొంచెమే వేశాన్రా’ అన్నా, భార్య ‘అసలు వేయలేదు’ అన్నా వాదన అక్కర్లేదు, సీసానే చెబుతుంది. అన్నానికీ అలాగే. వండాక కొలిస్తే చెయ్యి జారుతుంది, బియ్యం పోసేటప్పుడే కొలవాలి. వంద గ్రాముల బియ్యం 350 కేలరీలు. మీ వాటా పూటకు 50 గ్రాములు, రోజులో ఒక్క పూటే.

ఒక రోజు ఇలా నడవొచ్చు. పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, లేదా ఒక టీస్పూన్ నూనెతో ఒక పెసరట్టు. ఉప్మా జోలికి వెళ్లొద్దు. చక్కెర లేని టీ. మధ్యాహ్నం డబ్బాలో కప్పు అన్నం, గరిటెడు గట్టి పప్పు, దానికి రెండింతల బెండకాయో బీరకాయో ఆకుకూరో, పలుచటి మజ్జిగ. అయిదింటికి గుప్పెడు వేయించిన శనగలు, ఒక జామకాయ. రాత్రి ఎనిమిదిలోపు ఒక జొన్న రొట్టె, వంద గ్రాముల చికెనో చేపో. తిననివాళ్లు పెసలో అలసందలో ఉడికించుకోవచ్చు. ఇదంతా కలిపితే దగ్గర దగ్గర 1100 నుంచి 1200 అవుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లు, మరో జబ్బున్నవాళ్లు డైటీషియన్‌ను అడగకుండా ఇంత తగ్గించకూడదు. అసలు ఎవరైనా సరే ఈ నెలంతా వారానికోసారి డైటీషియన్‌కు కనిపించడం మంచిది.

ఆఫీసులో ప్రమాదం భోజనం దగ్గర కన్నా టీ దగ్గర ఎక్కువ. కప్పుకు రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు టీలంటే 160 కేలరీలు, పక్కన రెండేసి ఉస్మానియా బిస్కెట్లు సరేసరి. జ్యూసులు ఆరోగ్యమనుకుంటారు. ఈ పరిస్థితిలో అవి కూల్‌డ్రింక్‌తో సమానం. ఎక్కువైన చక్కెరను లివరే కొవ్వుగా మార్చి తనలో దాచుకుంటుంది. టీమ్ లంచ్‌కు పిలిస్తే వెళ్లండి, ‘డాక్టర్ వద్దన్నారు’ అని మజ్జిగ తెప్పించుకోండి. వారం తిరిగేసరికి ఎవరూ బలవంతం చేయరు. మద్యం మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. ‘వీకెండ్ ఒక్క బీరే కదా’ అన్న మాట ఈ నెలలో వినిపించకూడదు.

గంట నడక ఒకేసారి కుదరకపోతే రెండు అరగంటలు చేయండి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. క్యాబ్‌లో వెళ్లేవాళ్లు ఒక స్టాప్ ముందే దిగాలని చాలామంది చెబుతారు. హైదరాబాద్ రోడ్ల మీద అది సాగే పని కాదు. ఆఫీసు బేస్‌మెంట్‌లో నడవండి, మెట్లెక్కండి, ఫోన్ మీటింగులన్నీ నడుస్తూ వినండి. వారంలో రెండు మూడు రోజులు కండరాలకు పని పెట్టే వ్యాయామం కలపండి. లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి ఆ కండే కావాలి. రాత్రి షిఫ్టు మార్చడం ఏమాత్రం కుదరకపోతే పెద్ద భోజనం షిఫ్టుకు ముందే చేసేయండి, అర్ధరాత్రి దాటాక మజ్జిగ, నీళ్లతో సరిపెట్టుకోండి. పొద్దున వచ్చి గది చీకటి చేసుకుని ఏడు గంటలు పడుకోండి.

తొందరలో జరిగే తప్పుల్లో నన్ను ఎక్కువ భయపెట్టేది పొడులు, కషాయాలు. లివర్ శుభ్రం చేస్తామంటూ అమ్మే వాటిలో లివర్‌కే చేటు చేసేవి ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో బయటపెట్టారు. గ్రీన్ టీ సారం మాత్రలతోనూ ఇలాంటి ప్రమాదం ఉంది. మీరు ఇవ్వబోయే అవయవం మీద ప్రయోగాలు చేయకండి. పూర్తి ఉపవాసాలూ వద్దు. పస్తులుండి వేగంగా బక్కచిక్కి ఆపరేషన్ బల్ల ఎక్కితే గాయం మానదు. ఏం వేసుకుంటున్నా, చివరికి తలనొప్పి మాత్రైనా, కోఆర్డినేటర్‌కు చెప్పి వేసుకోండి.

‘ఇంత కష్టం ఎందుకు, లివర్‌ను బయటికి తీశాక మిషన్‌లో కొవ్వు తీసేస్తారటగా’ అని అడిగేవాళ్లున్నారు. నిజంగానే ఆ ప్రయత్నం జరుగుతోంది. చనిపోయిన దాతల లివర్‌ను ఐస్‌లో పెట్టే బదులు శరీర ఉష్ణోగ్రతలో రక్తం పారిస్తూ సజీవంగా ఉంచే యంత్రాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో తయారుచేశారు. 2013లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో మొదటిసారి అలా ఉంచిన లివర్‌ను మనిషికి అమర్చారు. బర్మింగ్‌హామ్ పరిశోధకులు వాడకుండా వదిలేసిన కొవ్వు లివర్లను ఇలాంటి యంత్రానికి పెట్టి, కొవ్వు కరిగించే మందులు కలిపి ఆరు గంటల్లో కొవ్వును 40 శాతం దాకా తగ్గించగలిగామని 2019లో చూపించారు. జ్యూరిక్‌లో మూడు రోజులు యంత్రంలో ఉంచిన లివర్‌ను 2021లో ఒక మనిషికి అమర్చారు. కొవ్వు కారణంగా పారేస్తున్న లివర్లు రేపు ఎంతోమందిని బతికిస్తాయన్న ఆశ నాకుంది. కానీ అవన్నీ చనిపోయిన దాతల కోసం. మీ లివర్‌లో సగానికి పైగా వెళ్లిపోయాక మిగిలిన ముక్క మీ కడుపులోనే ఉంటుంది. దాన్ని ఏ యంత్రానికీ పెట్టలేరు. మన దేశంలో లివర్ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న దాతలతోనే జరుగుతున్నాయి కాబట్టి ఇప్పటికి ఈ పని మీ తిండి, మీ నడకే చేయాలి.

ఇంకో మాట, ముఖ్యంగా ఆడవాళ్లకు. మన దేశంలో బతికుండగా అవయవాలిచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఆఫీసు చేసి వచ్చి ఇంటిల్లిపాదికీ వండి, పేషెంటుకు వేరే పథ్యం చేసి, తనకు మాత్రం మిగిలింది తిని పడుకునే మనిషికి కొవ్వు ఎప్పుడు తగ్గుతుంది? ఆ ఇంట్లో దాత ఆమె అయితే ఆ నెల వంటగది బాధ్యత వేరేవాళ్లు తీసుకోవాలి. ఆమె అడిగేదాకా ఆగకూడదు. భర్త, అత్తగారు, మరిది, ఎవరో ఒకరు. నడకకు వెళ్లే గంట ఆమెది.

ఇస్తానన్న మాట చివరి నిమిషం వరకు వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. చట్టం అలాగే ఉంది. దాత ప్రాణానికి ప్రమాదం తక్కువే కానీ సున్నా కాదు. కుడి భాగం ఇచ్చినవాళ్లలో వెయ్యికి ఇద్దరి నుంచి అయిదుగురి దాకా చనిపోయే ముప్పు ఉందని చెబుతారు. పైత్యరసం కారడం, ఇన్ఫెక్షన్, హెర్నియా లాంటివి అంతకన్నా ఎక్కువమందికి వస్తాయి. ఇవి తెలుసుకుని, ఒంటరిగా కూర్చుని నిర్ణయించుకోండి. భయంగా ఉంటే బంధువుల ముందు కాకుండా కోఆర్డినేటర్‌తో విడిగా మాట్లాడండి. మెడికల్‌గా సరిపోలేదని మాత్రమే ఇంట్లోవాళ్లకు చెప్పి కారణం తమ దగ్గరే ఉంచుకునే ఆసుపత్రులున్నాయి.

మీరు కొవ్వు తగ్గించుకుంటున్న వారాల్లో పేషెంటు పని కూడా ఆగకూడదు. ఇంట్లో మరొకరు పరీక్షలు చేయించుకోవాలి. అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, 2011 సవరణ తర్వాత తాతమామ్మలు, మనవలు కూడా. మిగతావాళ్లయితే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. దాంతోపాటు చనిపోయిన దాతల అవయవాలను కేటాయించే జీవన్‌దాన్ పథకంలో పేషెంటు పేరు నమోదు చేయించండి. కామెర్లు పెరుగుతుంటే, పొట్టలో నీరు, మగత వస్తుంటే మీ నెల పూర్తయ్యేదాకా కూర్చోలేరు. అప్పుడు వేరే దాతతో వెళ్లాల్సి వస్తే దాన్ని మీ ఓటమిగా తీసుకోకండి. మీరు దాచుకున్న సెలవులు పేషెంటు దగ్గర ఉండటానికి పనికొస్తాయి.

అన్నీ కుదిరి ఆపరేషన్ అయితే, తిరిగి ఉద్యోగంలో చేరేటప్పుడు మొదటి రెండు వారాలు ఇంటి నుంచి గానీ సగం పూట గానీ పనిచేస్తానని ముందే రాతపూర్వకంగా అడగండి. లివర్ మూడు నెలల్లో చాలావరకు పెరిగిపోతుంది కానీ నీరసం అంతకన్నా మెల్లగా పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాగు కూడా మొదట్లో బరువే, ఆఫీసులోనే ఇంకో ఛార్జర్ పెట్టించుకుని ఖాళీ చేతులతో వెళ్లండి. డెలివరీ, గోడౌన్, పోలీసు, నర్సింగ్ లాంటి ఒళ్లొంచి చేసే ఉద్యోగాలవాళ్లు మూడు నెలలు తేలిక పని కావాలని డాక్టరుతో రాయించుకుని డిశ్చార్జి రోజునే కాగితం తీసుకోండి. ఆ కాగితం కోసం తర్వాత మళ్లీ తిరగడం కష్టం. ఏడాదికోసారి స్కానింగ్, రక్తపరీక్ష మానకండి. పెరిగిన కొత్త లివర్‌లోనూ పాత అలవాట్లతో కొవ్వు మళ్లీ చేరుతుంది. ఆ నూనె సీసా ఇంట్లో ఉంచండి, ఈసారి ఇంటిల్లిపాదికీ కొలిచి పోయండి.